ఎలక్ట్రిక్ గిటార్ ఎంపిక: నాదం, వాయించే సౌలభ్యం

ఎలక్ట్రిక్ గిటార్ల నడుమ ప్రధాన భేదం పికప్‌లోనూ, తీగ కంపించే పొడవులోనూ ఉంటుంది. తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగమే పికప్.

1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌కు ఒంటి చుట్ట పికప్‌లు మూడు ఉంటాయి. వాటి నాదం తేటగా పలుకుతుంది. కాని చుట్టుపక్కల విద్యుత్ పరికరాల రొద కూడా అందులో చేరుతుంది. గిబ్సన్ సంస్థలో సెత్ లవర్ రూపొందించిన హంబకర్‌లో రెండు చుట్టలు పరస్పర విరుద్ధంగా పనిచేసి ఆ రొదను అణచివేస్తాయి. 1957 నుంచి లెస్‌పాల్ గిటార్లకు అమర్చిన ఈ పికప్ నాదం నిండుగా ఉంటుంది.

స్ట్రాటోకాస్టర్ తీగ పొడవు 25.5 అంగుళాలు, లెస్‌పాల్‌ది సుమారు 24.75 అంగుళాలు. ఒకే మందం తీగలను ఒకే శ్రుతిలో ఉంచినప్పుడు, పొట్టి తీగకు బిగువు తక్కువ. దానిని పక్కకు లాగి స్వరాన్ని వంచడం సులువు. మెట్లు దగ్గరగా ఉండడం చిన్న చేతులకు అనుకూలం. అయితే లెస్‌పాల్ సాధారణంగా బరువైనది. నిలబడి వాయించేవారు భుజానికి తగిలించుకొని చూడాలి.

మెట్లపై తీగలు మరీ ఎత్తుగా ఉంటే వేళ్ళు నొప్పిపుట్టి, కొత్తవారికి సాధనపైనే విముఖత కలుగుతుంది. చాలా గిటార్లలో ఈ ఎత్తును సవరించవచ్చు. అందుచేత తీగలను సరిచేయించి, రెండు గిటార్లనూ ఒకే యాంప్లిఫయర్‌పై, ఒకే ధ్వనిస్థాయిలో వాయించి పోల్చాలి. ధర కన్నా చెవి, చేయి చెప్పే తీర్పే నమ్మదగినది.