గ్రాంట్ రొట్టె

గ్రాంట్ రొట్టె అనగా పొట్టు తీయని గోధుమపిండితో, పిండిని పిసకకుండా, ఇంటిలో సులభంగా తయారుచేసుకొనే ఒక రకమైన ఈస్టు రొట్టె. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో డోరిస్ గ్రాంట్ (1905–2003) అనే బ్రిటిష్ రచయిత్రి దీనిని ప్రచారంలోకి తెచ్చింది. ఆమె పేరు మీదుగానే దీనికి ఈ పేరు వచ్చింది. ఇక్కడ రొట్టె అంటే బజారులో బ్రెడ్ అని పిలిచేదే. జొన్నరొట్టె, చపాతీ వంటి పొంగని రొట్టెలు కావు. మామూలుగా ఈస్టు రొట్టె చేయాలంటే పిండిని పది నిమిషాలైనా పిసికి, పొంగనిచ్చి, అణచి, మళ్ళీ పొంగనివ్వాలి. గ్రాంట్ రొట్టెకు పిసికే పని లేదు, పొంగడం కూడా ఒక్కసారే. మొత్తం పని గంటన్నర లోపు పూర్తవుతుంది.

చరిత్ర

యుద్ధానికి ముందు బ్రిటన్ తనకు కావలసిన గోధుమలో అధిక భాగాన్ని విదేశాలనుండి ఓడల మీద తెప్పించుకొనేది. యుద్ధంలో ఆ ఓడలకు ముప్పు ఏర్పడడంతో, ఉన్న గోధుమనుండి వీలైనంత ఎక్కువ పిండి తీయవలసివచ్చింది. 1942లో ప్రభుత్వం తెల్ల రొట్టెను ఆపి, గింజ బరువులో 85 శాతం పిండిగా మారేటట్లు మరపట్టించి, 'నేషనల్ లోఫ్' అనే రొట్టెను ప్రవేశపెట్టింది. బూడిద రంగులో ఉండే ఈ రొట్టె ప్రజలకు అంతగా నచ్చలేదు. 1956 వరకు ఇది కొనసాగింది.

ఈ పరిస్థితులలోనే 1944లో డోరిస్ గ్రాంట్ రచించిన 'యువర్ డైలీ బ్రెడ్' అనే పుస్తకం వెలువడింది. తెల్ల పిండి వలన ఆరోగ్యం చెడుతుందని, ప్రతి ఇంటిలోను ముడి గోధుమపిండితో రొట్టె చేసుకోవాలని ఆమె వాదించింది. రొట్టెలు చేయడం నేర్చుకొనే రోజులలో పిండిని పిసకాలన్న సంగతి తెలియక వదిలివేసిందని, ఆ రొట్టెలే బాగున్నాయని గ్రహించి అదే పద్ధతిని ఖాయం చేసుకొన్నదని చెబుతారు. ఆమె సమర్థించిన 'హే' ఆహార నియమాలకు (మాంసకృత్తులను, పిండిపదార్థాలను ఒకే పూట కలిపి తినరాదన్నవి) శాస్త్రీయ ఆధారం లేదు. రొట్టె పద్ధతికి మాత్రం వాటితో సంబంధం లేదు, కనుక అది నిలిచింది.

1961లో బ్రిటన్‌లోనే రూపొందిన చార్లీవుడ్ పద్ధతి సరిగ్గా దీనికి ఎదురుదిశలో నడిచింది. అందులో యంత్రం పిండిని కొద్ది నిమిషాలపాటు అతివేగంగా చిలుకుతుంది. ఆ దేశంలో దుకాణాలలో అమ్మే రొట్టెలో ఎక్కువ భాగం ఈ విధంగా తయారవుతున్నదే.

తయారుచేయు విధానం

ఒక రొట్టెకు 450 గ్రాముల ముడి గోధుమపిండి, సుమారు 380 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీరు, ఒక్కొక్క చెంచా చొప్పున ఉప్పు, ఎండు ఈస్టు, తేనె లేదా బెల్లం కావాలి. ఈస్టును, తేనెను కొద్ది నీటిలో కలిపి పది నిమిషాలు ఉంచితే నురుగు వస్తుంది. నురుగు రాకపోతే ఆ ఈస్టు పాతబడిందని అర్థం. దానితో ముందుకు వెళ్ళడం దండగ. పిండిలో ఉప్పు కలిపి, ఈస్టు నీటిని, మిగిలిన నీటిని పోసి, పొడిపిండి కనిపించకుండా చేతితోగాని గరిటెతోగాని కలపాలి. ఈ ముద్ద చపాతీ పిండికన్నా చాలా పలుచగా, చేతికి అంటుకొనేటట్లు ఉంటుంది. గట్టిగా లేదని మరికొంత పిండి చేర్చడమే కొత్తవారు ఎక్కువగా చేసే పొరపాటు.

నూనె రాసిన అచ్చులో ముద్దను వేసి, తడిబట్ట కప్పి వెచ్చని చోట ఉంచాలి. ఇరవై, ముప్పై నిమిషాలలో మూడవ వంతు పెరిగిన వెంటనే 200 డిగ్రీల సెల్సియస్ వద్ద 35–40 నిమిషాలు కాల్చాలి. అచ్చులోనుండి తీసి అడుగున వేలితో తడితే బోలు శబ్దం రావాలి. రెట్టింపు అయ్యేదాకా ఆగితే ఓవెన్‌లో నడుమ కుంగిపోతుంది.

పిసకకపోయినా పొంగడానికి కారణం

గోధుమలోని గ్లయాడిన్, గ్లూటెనిన్ అనే మాంసకృత్తులు నీటితో కలిసి, సాగే గుణం గల గ్లూటెన్ వలగా ఏర్పడతాయి. ఈస్టు చక్కెరలను వాడుకొని విడిచే బొగ్గుపులుసు వాయువు ఆ వలలో చిక్కుకొని రొట్టెను పొంగిస్తుంది. పిసకడం వలన ఈ వల త్వరగా బలపడుతుంది. అయితే నీరు సమృద్ధిగా ఉంటే, పిసకకపోయినా వల దానంతటదే కొంతవరకు ఏర్పడుతుంది. ఫ్రెంచి ఆచార్యుడు రేమండ్ కాల్వెల్ 1974లో ప్రతిపాదించిన 'ఆటోలీజ్' పద్ధతికి మూలం ఇదే: పిండిని, నీటిని కలిపి కొంతసేపు వదిలివేస్తే పిసికే పని తగ్గుతుంది.

ముడి గోధుమపిండిలో మరొక చిక్కు ఉన్నది. గింజ బరువులో సుమారు 14 శాతం ఉండే పొట్టు నీటిని పీల్చుకొంటుంది. దాని పలుకులు గ్లూటెన్ వలను తెంచుతాయి. అందుచేత ఎంత పిసికినా ముడిపిండి రొట్టె మైదా రొట్టె అంత పొంగదు. గ్రాంట్ పద్ధతిలో ఎక్కువ నీరు పొట్టును మెత్తబరుస్తుంది, అచ్చు గోడలు బలహీనమైన ముద్దను నిలబెడతాయి. వచ్చే రొట్టె తేమగా, దట్టంగా ఉంటుంది. దూదివంటి బజారు రొట్టెను ఆశించేవారికి ఇది నచ్చకపోవచ్చును.

దీర్ఘకాలం పులియబెట్టే పద్ధతి

న్యూయార్క్ నగరంలోని సల్లివాన్ స్ట్రీట్ బేకరీ యజమాని జిమ్ లాహీ అనుసరించిన పద్ధతిని 2006 నవంబరు 8న న్యూయార్క్ టైమ్స్‌లో మార్క్ బిట్‌మన్ పరిచయం చేయగా అది విశేషంగా వ్యాపించింది. ఇందులో ఈస్టు పావు చెంచా మాత్రమే. ముద్దను 12 నుండి 18 గంటలు వదిలివేసి, బాగా వేడెక్కిన మూతగల బరువైన పాత్రలో కాలుస్తారు. పిసికే పనిని ఇక్కడ కాలమే చేస్తుంది. కాని లాహీ 2009లో ప్రచురించిన 'మై బ్రెడ్' పుస్తకంలోని ముడిపిండి రొట్టెలో కూడా ముడిపిండి నాలుగవ వంతే. గ్రాంట్ రొట్టె పూర్తిగా ముడిపిండితోనే అవుతుంది.

పోషక విలువలు

పొట్టు, మొలక భాగం తీయనందువలన దీనిలో పీచు, ఇనుము, జింకు, బి విటమినులు మైదా రొట్టెకన్నా ఎక్కువ. అయితే పొట్టులోని ఫైటిక్ ఆమ్లం ఖనిజాలు ఒంటికి పట్టకుండా అడ్డుపడుతుంది. ఎక్కువసేపు పులిస్తే ఈ ఆమ్లం తగ్గుతుంది; అరగంటలో పొంగే గ్రాంట్ రొట్టెకు ఆ లాభం స్వల్పమే. పిసకనంత మాత్రాన గ్లూటెన్ పోదు, కనుక సీలియాక్ వ్యాధి ఉన్నవారు దీనిని తినరాదు.

భారతదేశపు పిండితో

చపాతీలకు వాడే గోధుమపిండితో ఈ రొట్టె చేయవచ్చును. మరలో రాళ్ళ నడుమ నలిగిన పిండి ఎక్కువ నీటిని పీలుస్తుంది, కాబట్టి నీటిని కొద్దికొద్దిగా పెంచుకోవాలి. జల్లించితే పొట్టు పోయి అసలు ప్రయోజనమే పోతుంది. జొన్న, రాగి పిండ్లలో గ్లూటెన్ లేదు. వాటిని నాలుగవ వంతుకు మించి కలిపితే రొట్టె పొంగదు. విజయవాడ, రామగుండం వంటి చోట్ల వేసవిలో ముద్ద చాలా త్వరగా పొంగుతుంది, అప్పుడు చల్లని నీరు వాడి ఈస్టును సగానికి తగ్గించాలి. ఆ ఎండలలో లాహీ పద్ధతి ప్రకారం రాత్రంతా బయట ఉంచితే ముద్ద పులిసి జారిపోతుంది, ఫ్రిజ్‌లో ఉంచడం మేలు.

నిలువ ఉంచే రసాయనాలు లేనందున కోస్తా ప్రాంతపు తేమలో ఇది రెండు మూడు రోజులలో బూజు పడుతుంది. పూర్తిగా చల్లారిన తరువాత ముక్కలు కోసి ఫ్రీజరులో ఉంచి, కావలసినప్పుడు పెనం మీద వేడిచేసుకోవచ్చును.