గంట ఒక్కటే మోగుతోంది

క్రిందటి డిసెంబరులో మా బడి నుంచి గోవా విహారయాత్రకు వెళ్ళాం. పాత గోవాలో ఒక కొండ మీద ఎర్రరాతి గోపురం సగం కూలి, ఒంటరిగా నిలబడి ఉంది. అది అగస్టీనియన్ సన్యాసుల మఠం చర్చిది. 1602లో పూర్తయింది. అలాంటి గోపురాలు 4 ఉండేవి. ఈ గోపురం ఎత్తు సుమారు 46 మీటర్లు. చర్చి లోపల 8 చిన్న ప్రార్థన మందిరాలు, 4 బలిపీఠాలు ఉండేవి.

"ఇంత గట్టి కట్టడం ఎలా కూలింది సార్? యుద్ధమా?" అని అడిగాను.

యుద్ధం కాదు. 1835లో పోర్చుగీసు ప్రభుత్వం సన్యాసులను పంపించేసింది. చూసుకునేవాళ్ళు లేక 1842లో లోపలి కప్పు పడిపోయింది. 1931లో ముందుగోడ, సగం గోపురం కూలాయి. గంటను మాత్రం 1871లో పణజి చర్చికి చేర్చారు. అక్కడ మనుషులున్నారు కాబట్టి అది ఇప్పటికీ మోగుతోంది.

అప్పుడు మా బడి గుర్తొచ్చింది. ఈ ఏడు పదో తరగతిలో మేం 11 మందిమే. రాయి గట్టిగా ఉంటే చాలదు, లోపల మనుషులుండాలి. మా తమ్ముణ్ణి వచ్చే ఏడు ఇంగ్లీషు మీడియంలో వేద్దామని ఇంట్లో అనుకుంటున్నారు. ఊరికి రాగానే, వాణ్ణి మా బడిలోనే చేర్చమని అమ్మను అడిగాను. అమ్మ ఆలోచిస్తోంది.