పక్షిరక్త పరాన్నజీవుల అధ్యయనం: సికింద్రాబాదు నుండి వీరాపురం దాకా

1897 ఆగస్టు 20న సికింద్రాబాదు సమీపంలోని బేగంపేటలో రొనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ జీర్ణకోశపు గోడలో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. అది తిరిగి రక్తంలోకి చేరే మార్గం మాత్రం అప్పటికి తేలలేదు. 1898లో కలకత్తాలో పక్షులపై జరిపిన ప్రయోగాలు ఆ లోటు తీర్చాయి. దోమ లాలాజల గ్రంథులలో చేరిన పరాన్నజీవి కాటు ద్వారా ఆరోగ్యవంతమైన పిచ్చుకలకు సోకుతుందని రాస్ నిరూపించాడు. 1902 నాటి నోబెల్ పురస్కారానికి ఈ పక్షులూ ఆధారమే.

అంతకు ముందే, 1893లో, పశువుల టెక్సాస్ జ్వరానికి పిడుదు వాహకమని అమెరికాలో థియొబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్ నిర్ధారించారు. ఆ వ్యాధికారకమైన బబీసియా ప్రజాతికి చెందిన జీవులే తరువాతి కాలంలో సముద్రపక్షులలోనూ, దక్షిణాఫ్రికా పెంగ్విన్లలోనూ బయటపడ్డాయి. ఏటేటా ఒకేచోట గూళ్ళు కట్టే పక్షుల స్థావరాలు పిడుదులకు అనుకూలం. పక్షులు లేని నెలల్లో అవి పగుళ్ళలో దాగి, రాగానే రక్తం పీలుస్తాయి.

ఈ దృష్టితో చూస్తే పూర్వపు అనంతపురం జిల్లాలోని వీరాపురం గమనార్హం. 2022 నుండి ఇది శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లే అయిన ఈ పీఠభూమిలో, పెయింటెడ్ స్టార్క్ కొంగలు ఊరి చెట్లపైనే గూళ్ళు కడతాయి. గ్రామస్థులు వాటిని ఇంటి ఆడపడుచుల్లా కాపాడతారు. చెరువు ఎండితే మేత కరువవుతుంది. ఆ కరువులో రాలిపోయిన పిల్లల మరణాన్ని ఆకలికే ఆపాదించడం సులభం. గూటిలో పిడుదులను వెదకి, రక్తపు పూతను సూక్ష్మదర్శినిలో పరీక్షించిన తరువాతే కారణం నిర్ణయించడం సరైన పద్ధతి. ఆ పద్ధతికి పునాది పడిన చోట్లలో తెలుగునేల ఒకటి.