పార్క్‌లేన్‌లో ర్యామ్ తరాలు

1806లో నిజాం సికందర్ జా పేరుమీద వెలసిన కంటోన్మెంటు మా సికింద్రాబాదు. జేమ్స్ స్ట్రీట్ ఎంజీ రోడ్డు కావడం, గడియార స్తంభం, మోండా మార్కెట్ గురించి మా పెద్దలు వివరంగానే చెప్పేవారు. పార్క్‌లేన్ ఊసు వాటిలో తక్కువ. ప్యారడైజ్ కూడలి నుంచి నడిచి వెళ్లేంత దూరంలోని ఆ వీధిలో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. జనం నోట అది సీటీసీ. జిల్లాల్లో కంప్యూటర్లు బాగుచేసేవారు సరుకు కోసం వచ్చే చోటు అది. ఆ వీధి చరిత్ర రాయాలంటే నా దృష్టిలో ర్యామ్‌ను మించిన ఆధారం లేదు. ర్యామ్ తరం మారిన ప్రతిసారీ షాపుల్లో సరుకూ మారింది, పనివాళ్లు కొత్తగా నేర్చుకోవలసిన పాఠమూ మారింది.

హైదరాబాదు, సికింద్రాబాదు జంటనగరాలకు కంప్యూటర్ కొత్త కాదు. 1967లో ఏ.ఎస్. రావు గారి సారథ్యంలో ఇక్కడ కంప్యూటర్లు తయారుచేసిన ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్ మొదలైంది. ఆ కాలపు యంత్రాల్లో మెమరీ అంటే సన్నటి తీగలతో అల్లిన ఫెరైట్ ఉంగరాలు. కరెంటు పోయినా అందులోని సమాచారం పోయేది కాదు. పార్క్‌లేన్‌లో అమ్ముడైన ర్యామ్‌కు ఆ గుణం లేదు.

తొంభైలలో 72 పిన్‌ల సిమ్‌లు (SIMM) అనే ర్యామ్ పలకలు ఉండేవి. పెంటియం ప్రాసెసర్ ఒకేసారి 64 బిట్లు అడుగుతుంది, ఒక్కో సిమ్ 32 ఇస్తుంది. అందుకని వాటిని జతగానే కొనాలి. తర్వాత 168 పిన్‌ల ఎస్‌డీర్యామ్ వచ్చి జత బాధ తప్పించింది గాని వేరే చిక్కు తెచ్చింది. కొన్ని పాత మదర్‌బోర్డులు ఎక్కువ సాంద్రత ఉన్న చిప్‌లను పూర్తిగా చదవలేవు. ఎనిమిది చిప్‌ల 256 ఎంబీ పలకను ఇంటెల్ 440బీఎక్స్ బోర్డులో పెడితే 128 మాత్రమే చూపిస్తుంది. పదహారు చిప్‌లున్నదైతే పూర్తిగా కనిపిస్తుంది. అనుభవమున్నవారు లేబుల్ కంటే ముందు చిప్‌లు లెక్కపెట్టేది అందుకే.

అన్నిటికన్నా గందరగోళం పెంటియం 4 రోజుల్లో. మొదట వచ్చిన బోర్డులకు ఖరీదైన ర్యాంబస్ ర్యామ్ కావాలి. ఆ బోర్డుల్లో ఖాళీ స్లాట్‌ను వదిలేయకూడదు, చిప్‌లు లేని ఉత్త పలక అయినా పెట్టాలి. 2001లో ఇంటెల్ 845 చిప్‌సెట్ ఎస్‌డీర్యామ్‌తో వచ్చింది. కొద్ది నెలలకే అదే 845 డీడీఆర్ అనే తర్వాతి తరం ర్యామ్‌తోనూ వచ్చింది. ఒకే పేరు, రెండు రకాల స్లాట్లు. ర్యామ్ కావాలని అడిగితే ఎన్ని జీబీలు అని కాక, “బోర్డు ఏది అన్నా?” అని ముందు అడగడమే మంచి షాపుకు గుర్తు.

డీడీఆర్ 2.5 వోల్టులతో నడుస్తుంది, డీడీఆర్ 2 అయితే 1.8తో, డీడీఆర్ 3 అయితే 1.5తో, డీడీఆర్ 4 అయితే 1.2తో, డీడీఆర్ 5 అయితే 1.1తో. సంకేతాలు పంపే తీరూ వేరు. ఒకదాని చోట మరొకటి పెట్టకుండా అంచున ఉండే గాటును తరం తరానికీ జరిపారు. 2, 3 తరాలకు 240 పిన్‌లే, 4, 5 తరాలకు 288 పిన్‌లే. అయినా గాటు కలవదు. కలవనిదాన్ని బలవంతంగా నొక్కితే స్లాట్ విరుగుతుంది.

అంకెలూ మోసం చేస్తాయి. పాత డీడీఆర్ మీది పీసీ3200 అంటే సెకనుకు 3200 మెగాబైట్లు. డీడీఆర్ 4 మీది 3200 అంటే సెకనుకు 320 కోట్ల బదిలీలు, అంటే 25,600 మెగాబైట్లు. ఒకే తరంలో 3200, 2666 కలిపి పెడితే మామూలుగా రెండూ 2666తో నడుస్తాయి, అది తప్పేమీ కాదు. సర్వర్ల నుంచి తీసిన రిజిస్టర్డ్ ర్యామ్ చౌకగా దొరికినా, గాటు సరిపోయినా, ఇంటి కంప్యూటర్ దాన్ని తీసుకోదు.

ఈ జ్ఞానం ఇక్కడి పనివాళ్లు చేతులతో సంపాదించుకున్నది. ఇప్పుడు చాలా లాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తున్నారు, మార్చే పనే లేకుండా పోతోంది. మీ అటక మీద పాత సిమ్‌లు, ర్యాంబస్ పలకలు, 845 బోర్డులు ఉంటే తూకానికి వేయకండి. మన ఊళ్లోని ఏ పాలిటెక్నిక్ ల్యాబుకో, గ్రంథాలయానికో, అవి ఏ ఏడాది కొన్నారో రాసిన చీటీతో సహా ఇవ్వండి.