ఇబిడ్ గారి కథ

నా థీసిస్‌లో ఒకచోట ఒకే పుస్తకాన్ని వరసగా పదకొండుసార్లు ఉదహరించాల్సొచ్చింది. మొదటిసారి పూర్తి వివరాలు, మిగతా పదిసార్లు "ఇబిడ్, పుట ఇంత". (చాన్నాళ్లు అదెవరో పెద్దాయన పేరనుకున్నాను, నవ్వకండి!) లాటిన్లో ఇబిడెమ్ అంటే "అక్కడే" అని. తెలుగు పరిశోధకులు "పైదే" అంటారు. పద్దుల పుస్తకంలో డిటో పెట్టినట్టన్నమాట.

ఆఖరి రాత్రి ఆ వరస మధ్యలో వేరే పుస్తకం నోటు ఒకటి ఇరికించాను. అంతే, దాని కిందున్న ఇబిడ్‌లన్నీ కొత్త పుస్తకం వైపు తిరిగిపోయాయి. ఒకాయన కష్టపడి తేల్చిన సంగతులు ఇంకొకాయన ఖాతాలో పడ్డాయి. బైండింగయ్యాక గానీ చూసుకోలేదు. ప్రోగ్రాములు రాసేవాళ్లకి వేరే చెప్పాలా... "నా ముందున్నది" అని చూపించే పాయింటరు పొరుగువాడు మారితే గోవిందా!

ఆప్ సిట్ ఇంకా ఘోరం. "ముందు చెప్పిన పుస్తకమే" అంటుంది. ఎంత ముందో చెప్పదు. ఆ రచయితవి రెండు పుస్తకాలుంటే ఇక వెతుక్కోవడమే.

నోట్లతో పాఠకుడి తిప్పలు కొత్తవేం కాదు. 1776లో గిబ్బన్ రోమన్ సామ్రాజ్య పతన చరిత్ర మొదటి సంపుటం వచ్చినప్పుడు నోట్లన్నీ పుస్తకం చివర వేశారు. డేవిడ్ హ్యూమ్ ఆ ఏప్రిల్లోనే ప్రింటరు స్ట్రాహన్‌కి ఉత్తరం రాశాడు. నోటుందని చివరిదాకా తిప్పితే చాలాసార్లు అక్కడ ఆధారం పేరు తప్ప ఇంకేం లేదని, అలాంటివి పేజీ అడుగునో మార్జిన్లోనో వెయ్యమని. అప్పటికాయన జబ్బుమనిషి, ఆగస్టులో పోయాడు. పోతూ పోతూ కూడా ఫుట్‌నోట్ల గొడవే చూశారా! తర్వాతి ముద్రణల్లో నోట్లు పేజీ అడుక్కి దిగాయి.

1881లో హార్వర్డు జంతుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ మార్క్ గుల్ల లేని నత్త గుడ్ల మీద రాసిన వ్యాసంలో వాక్యం మధ్యలోనే బ్రాకెట్లో రచయిత పేరు, సంవత్సరం పెట్టాడు. ఎన్నిసార్లు ఉదహరించినా దేని అడ్రసు దానికే ఉంటుంది. చరిత్రకారులు మాత్రం ఇబిడ్‌ని వదల్లేదు. చివరికి 2017లో షికాగో మాన్యువల్ 17వ ఎడిషన్, ఇబిడ్ బదులు రచయిత పేరూ పొట్టి శీర్షికా రాయడమే మేలంది. ఈ-బుక్‌లో నోటు మీద నొక్కితే ఆ ఒక్క నోటే తెరుచుకుంటుంది, అందులో "అక్కడే" అనుంటే ఎక్కడని? హ్యూమ్ బాధే మళ్లీ!

నా థీసిస్ కాపీ ఇంకా ఆ లైబ్రరీలోనే ఉంది. ఆమధ్య వెళ్లినప్పుడు ఎవరూ చూడకుండా పెన్సిల్‌తో నాలుగు ఇబిడ్‌లు దిద్దొచ్చాను. ఇంకా ఆరున్నాయి.