ఇంటర్నెట్ తీగలు – వాని పూర్వకథ

కంప్యూటరును ఇంటర్నెట్‌తో కలుపు తీగలన్నియు పైకి ఇంచుమించు ఒకేరీతిగా కనిపించును. కాని తొడుగు విప్పి చూచినచో అవి మూడు జాతులు. ఒకే చిక్కునకు వేర్వేరు కాలములలో మానవుడు కనిపెట్టిన మూడు పరిష్కారములివి. ఆ చిక్కు ఏది? పొరుగు తీగల అలజడినుండి సంకేతమును కాపాడుట.

ఒక తీగచుట్టలో విద్యుత్ప్రవాహము మారినపుడు ప్రక్కనున్న చుట్టలో కూడ ప్రవాహము పుట్టునని 1831లో ఫారడే నిరూపించెను. 1876లో బెల్ టెలిఫోనునకు పేటెంటు పొందిన పిమ్మట ఈ ధర్మమే చిక్కు తెచ్చిపెట్టినది. ప్రక్కప్రక్కనే సాగిన తీగలలో ఒకరి సంభాషణ మరొకరికి వినవచ్చెడిది. 1881లో బెల్ పేటెంటు పొందిన ఉపాయము మిక్కిలి సులభమైనది: పోవు తీగను, వచ్చు తీగను ఒకదానితో ఒకటి మెలివేయుట. అట్లు చేసినచో బయటి అలజడి రెండు తీగలకును ఇంచుమించు సమానముగా సోకును. గ్రాహకము ఆ రెంటి భేదమునే గ్రహించును గనుక అలజడి రద్దయి సంకేతము మిగులును.

రెండవ ఉపాయము కవచము. నడుమ ఒక రాగితీగ, దాని చుట్టును విద్యుద్బంధకము, దానిపై లోహపు వల. టీవీకి వచ్చు కేబులు ఈ జాతిదే. ఇట్టి నిర్మాణమునకు ఆలివర్ హెవిసైడ్ 1880లోనే ఇంగ్లండులో పేటెంటు పొందెను. 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధనాలయమున రాబర్ట్ మెట్కాఫ్ ప్రతిపాదించిన ఈథర్‌నెట్ మొదట ఈ కేబులుపైననే నడచినది. 1990 నాటి ప్రమాణము బెల్ మెలితీగనే మరల తెచ్చి, దానిపై సెకనుకు 10 మెగాబిట్లు పంపినది.

మూడవది గాజుపోగు. గాజును తగినంత శుద్ధిచేసినచో అందు కాంతి సంకేతములను దూరము పంపవచ్చునని 1966లో చార్లెస్ కావో, జార్జి హాకమ్ చూపిరి. 1970లో కార్నింగ్ సంస్థ అట్టి పోగును తయారుచేసెను. విద్యుత్తీగల అలజడి కాంతికి సోకదు. కావోకు 2009లో నోబెల్ బహుమతి లభించినది.

ఇక గుర్తులు. టెలిఫోను తీగ ప్లగ్గు సన్నము. అందు సాధారణముగా రెండు లేక నాలుగు లోహపు పలుకులుండును. 1995లో మన దేశప్రజలకు ఇంటర్నెట్ మొదట అందినది ఈ టెలిఫోను తీగపైననే. ఈథర్‌నెట్ ప్లగ్గు వెడల్పు, పలుకులు ఎనిమిది. కవచపు కేబులు చివర మరబిగింపు, నడుమ సూదివంటి తీగ ఉండును. గాజుపోగు ప్లగ్గు తరచుగా ఆకుపచ్చగానో నీలముగానో ఉండును. దాని కొనలోనికి ఎన్నడును చూడరాదు. అందలి కాంతి కంటికి కానరాదు, కాని కంటికి హానిచేయగలదు.

ఒక పొరపాటును ఇచట చెప్పవలెను. ఈథర్‌నెట్‌లో 3వ, 6వ పలుకులు ఒకే జంటకు చెందవలెను. ఇది తెలియక కొందరు జంటలను 1-2, 3-4, 5-6, 7-8 అని వరుసగా బిగింతురు. దీపము వెలిగించి చూచు చిన్న పరీక్షాయంత్రము ఎనిమిది తీగలును సరిగానున్నవనియే చెప్పును. అయినను సంకేతము చెడును; ఏలయన 3, 6 తీగలు ఒకదానితో ఒకటి మెలివేసియుండలేదు. తీగ కలిసిన చాలదు, జంట కలియవలెను.

ఉపాధ్యాయులు పారవేసిన ఈథర్‌నెట్ తీగ నొకదానిని తరగతిలో విప్పి చూపవచ్చును. నారింజ, ఆకుపచ్చ, నీలము, గోధుమ రంగుల నాలుగు జంటలు కనబడును. ఒక్కొక్క జంటలో అంగుళమునకు ఎన్ని మెలికలో విద్యార్థులచే లెక్కింపుడు. లెక్క అన్నిట సమానముగా నుండదు. సమానమైనచో జంటకు జంటయే అలజడి కాదా!