పికప్ బండ్లకు బహురంగుల పని (వరంగల్)
వరంగల్‌లో తిరిగే టాటా ఏస్, బొలెరో పికప్‌ల వంటి బండ్లకు వేసే బహురంగుల పనిని అలంకారంగానే లెక్కేస్తారు. నిజానికది ముందుగా తుప్పును ఆపే పని. పాత పొరను ఎమరీ కాగితంతో రుద్ది, సొట్టలకు పుట్టీ పెట్టి, ప్రైమర్ కొట్టాకే రంగుల మాట. సాధారణంగా లేత రంగు ముందు వేసి, ఆరాక టేపు అంటించి ముదురు రంగు కొడతారు. ఆపైన క్లియర్ కోటు. పాత వరంగల్ జిల్లాలోని చేర్యాల నకాషీ చిత్రకారులూ అంతే: బట్టకు గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించాకే కుంచె పడతారు. స్టిక్కర్లు చవక కదా అనవచ్చు. కానీ గీత పడి బయటపడ్డ ఇనుమును అవి కప్పుతాయే గాని తుప్పు వదిలించవు. చట్టం ఒప్పుకోదన్న అభ్యంతరం సగమే నిజం: 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ఆలివ్ గ్రీన్ రక్షణశాఖ బండ్లకే పరిమితం. వేరే రంగుకు మారితే ఆర్‌సీలో నమోదు చేయించాలి.